బేస్ గిటార్ ఒక్కటే వినిపించిన చెవి

కొవిడ్‌కు ముందటి ఏడాది జూన్‌లో నన్ను కాక్లియర్ ఇంప్లాంటు విభాగానికి ప్రిన్సిపల్ ఆడియాలజిస్టుగా వేశారు. సింగపూరులో ఒక ప్రభుత్వ ఆసుపత్రి అది. పదవీ విరమణకు ముందు నాకు దక్కిన చివరి హోదా కూడా అదే. నేను తెనాలిలో పుట్టి, మైసూరులో చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చినదాన్ని. అప్పటికి చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను.

ఆడియాలజిస్టు అంటే చెవి డాక్టరనుకుంటారు చాలామంది. ఆపరేషను చేసేది సర్జను. మనిషికి ఎంత వినబడుతోందో కొలవడం, తగిన మిషను అమర్చడం, ఆ మిషనుతో వినడం నేర్పించడం మా పని. కాక్లియర్ ఇంప్లాంటు మామూలు చెవి మిషను లాంటిది కాదు. చెవి మిషను శబ్దాన్ని పెద్దది చేసి లోపలికి పంపుతుంది. ఇంప్లాంటులో లోపలి చెవిలోకి సన్నని తీగ ఒకటి దూర్చి, దాని మీది ఎలక్ట్రోడ్ల ద్వారా నరానికే నేరుగా విద్యుత్తు పంపుతాం. ఎవరికి పెట్టాలి, ఎవరికి వద్దు అన్నది ప్రతి వారం సర్జను దగ్గర జరిగే సమావేశంలో తేలుతుంది. అక్కడ సిఫారసు చేయవలసింది ప్రిన్సిపల్. అందుకే ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తలో ప్రతి కేసూ నాకు బాగా గుర్తుండిపోయింది. రామునాయుడు గారి కేసు అందులో రెండోదో మూడోదో.

ఆయనకు డెబ్భై దాటాయి. బుకిట్ బటోక్‌లో ఫ్లాటు. వెంట భార్య సరోజమ్మ గారు, స్కూలు టీచరుగా పనిచేస్తున్న కూతురు మాలిని వచ్చారు. పేరు చూసి తెలుగులో పలకరించాను. ఆయన ముఖం విప్పారింది.

"తెలుగేటి? ఏ ఊరమ్మా?"

"తెనాలి, అంకుల్."

"చెన్నైయా?" అన్నారు. మాలిని ఫోనులో టైపు చేసి చూపించింది. ఆయన చదువుకుని, నవ్వి, తల ఊపారు.

వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలయాలో కొబ్బరి ఎస్టేటుకు కూలీగా వెళ్లారట. మూడు తరాలు గడిచినా ఇంట్లో ఆ యాస పోలేదు. దాని మీద కొంత తమిళం, కొంత మలయ్ చేరాయి, అంతే.

పరీక్ష ఫలితం ఇలా వచ్చింది. కుడి చెవికి అసలేమీ వినబడదు. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి ఆ వినికిడి పోయిందట. ఎడమ చెవికి లోతైన ధ్వనులు, అంటే ఉరుము, లారీ ఇంజను, మద్దెల వంటివి, చెవి మిషను పెడితే బాగానే వినబడుతున్నాయి. పైకి పోతున్నకొద్దీ ఆడియోగ్రాంలో, అంటే వినికిడిని చూపే పటంలో, గీత కొండ కొన నుంచి జారినట్టు పడిపోయింది. ఆయనలా షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్లు ఇనుము కొట్టే చప్పుడు మధ్య పనిచేసిన వాళ్లలో ఇలాంటి గీత చాలాసార్లు చూశాను. మాటలో అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది. క, త, స వంటి హల్లులది పై స్థాయి. కాబట్టి ఎవరో మాట్లాడుతున్నారని ఆయనకు తెలుస్తుంది. ఏం మాట్లాడుతున్నారో తెలియదు.

అంతవరకు పెదవుల కదలిక చూసి నెట్టుకొచ్చారు. అయితే సరోజమ్మ గారికి పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. ఆ జబ్బులో గొంతు సన్నబడిపోతుంది. మనిషి తాను గట్టిగానే మాట్లాడుతున్నాననుకుంటుంది. ముఖం బిగుసుకుపోయి పెదవులూ సరిగా కదలవు. చెయ్యి వణుకుతుంది కనుక రాసి చూపించడమూ కుదరదు. ఆయన ఇన్నేళ్లుగా చదువుకుంటున్న ముఖం అలా మూసుకుపోయింది.

"ఎవ్రీ డే ఇలాగే ఆంటీ," అంది మాలిని. "అమ్మ మాట్లాడతది, అప్పా ఊరికే తల ఊపతారు. తర్వాత అమ్మ కూడా మాట్లాడటం మానేసింది లా."

అప్పా అంటే తండ్రి. తమిళులతో కలిసి పెరిగిన ఇక్కడి పాత తెలుగు కుటుంబాల్లో ఆ పిలుపే వాడుక. చివరి 'లా' ఇక్కడి ఇంగ్లీషులో ఊతపదం.

మిషను సాయంతో మాటల పరీక్ష పెడితే ఆయన నాలుగైదు మాటలకు మించి పట్టుకోలేకపోయారు. ఇంప్లాంటుకు సరిపోయే కేసు. చిక్కల్లా ఏ చెవికి అన్నదే. కుడి చెవి నరం అరవై ఏళ్లకు పైగా శబ్దమే ఎరగదు. దానికి ఇంప్లాంటు పెట్టినా మాట తెలిసే అవకాశం చాలా తక్కువ. పెడితే ఎడమ చెవికే పెట్టాలి. కానీ తీగ లోపలికి వెళ్లేటప్పుడు అక్కడ మిగిలి ఉన్న సహజమైన వినికిడి దెబ్బతినవచ్చు. ఎంత జాగ్రత్తగా చేసినా చాలామందికి పోతుంది. ఇది ముందే చెప్పాలన్నది మా నియమం. తెల్లబోర్డు మీద రాసి చెప్పాను.

ఆయన ఒకే ప్రశ్న అడిగారు. "ఇప్పుడు ఇనపడతన్నది ఉంటదా, పోతదా?"

"ఉంచడానికి సర్జన్ ప్రయత్నిస్తారు అంకుల్. మాట ఇవ్వలేం."

"అయితే వద్దు," అని లేచారు.

వయసు మీరిన వాళ్లకు కత్తి అంటే భయం ఉంటుంది. నేనూ అదే అనుకుని, ఇంకో తేదీ ఇచ్చి పంపాను.

తరవాతి సారి ఆయన చంకలో ఒక ఎల్.పి. రికార్డు పెట్టుకుని వచ్చారు. అట్ట కొత్తది, మీది ఫొటో పాతది. నలుగురు కుర్రాళ్లు, సన్న టైలు, ఒక కారు షెడ్డు తలుపు ముందు నిలబడి ఉన్నారు. బ్యాండు పేరు ది జెట్టీ ఫోర్. చివర ఉన్న బక్కపలచని కుర్రాడి పేరు 'రే' అని రాసి ఉంది.

"అది నేనే. రాముడు రే అయిపోనాడు," అన్నారు.

అరవైలలో సింగపూరు నిండా కుర్రాళ్ల బ్యాండ్లు ఉండేవట. కటోంగ్‌లో ఒక ఇంటి వెనక కారు షెడ్డులో వీళ్లు సాధన చేసేవారు. రామునాయుడు గారికి ఒక చెవే పనిచేస్తుందని మిగతా ముగ్గురికీ తెలుసు. ఆ చెవిని డ్రమ్ముల వైపు పెట్టి నిలబడేవారు, లోతైన స్వరాలు పలికే బేస్ గిటారు వాయించేవారు. ఒకే ఒక్క ఎల్.పి. వచ్చింది. కొన్ని ఇంగ్లీషు పాటలు, కొన్ని మలయ్ పాటలు. కొన్నాళ్లు రేడియోలో వినబడ్డాయి. తరవాత ఒకరు సైన్యంలో సర్వీసుకు, ఒకరు ఆస్ట్రేలియాకు పోయారు. పాడే ఎడ్డీ ఉద్యోగం చూసుకున్నాడు. ఈయన తువాస్ వైపు షిప్‌యార్డులో చేరారు. గిటారు అమ్మేశారు. ఇంట్లో ఉన్న ఒక్క రికార్డూ టోవా పాయో నుంచి ఇల్లు మారినప్పుడు పోయింది. మిగతా ముగ్గురూ ఇప్పుడు లేరు. యాభై ఏళ్లుగా ఆయన ఆ పాటలు వినలేదు.

యూరపులో ఏదో చిన్న కంపెనీ పాత ఆసియా బ్యాండ్ల రికార్డులు మళ్లీ వేస్తూ దీన్నీ వేసింది. మాలినితో పనిచేసే ఒకాయన దుకాణంలో ఆ అట్ట చూసి, ఈ ముక్కు మీ నాన్నగారిది కదా అన్నాడట. అలా ఇంటికి చేరింది.

"పెట్టి ఇన్నాను," అన్నారు రామునాయుడు గారు. "ఎడ్డీ గొంతు ఇనపడదు. లీడ్ గిటార్ ఇనపడదు. నా బేస్ ఒక్కటే ఇనపడతంది, మొదట్నించి ఆఖరి దాకా. అప్పట్లో దాన్ని ఎవుడూ పట్టించుకోనేదు. ఇప్పుడు నాకదొక్కటే ఉంది. దీన్ని తీసేస్తానంటావు నువ్వు."

ఆడియోగ్రాం చూసినప్పుడే నాకీ సంగతి తట్టవలసిందేమో గానీ, ఏ పుస్తకంలోనూ ఇలాంటి ఉదాహరణ లేదు. పోయినది ఎంతో చూడటం మాకు అలవాటు. మిగిలిన కొంచెంలో ఏముందో ఆయన చెబితే గాని తెలియలేదు.

ఆ రోజు ఆయనను, సరోజమ్మ గారిని శబ్దం చొరని పరీక్ష గదిలో కూర్చోబెట్టాను. మాలిని ఫోనులో ఆ పాటలున్నాయి. వాటిని మా పరికరానికి కలిపి, కొలత సరిచూసిన స్పీకరు ద్వారా వినిపించాను. ఆయనకు ఏ స్థాయి వరకు అందుతోందో కొలవాలన్నది నా ఉద్దేశం. పాట మొదలైంది. నాకు ఎడ్డీ గొంతు, గిటారు, వెనక తాళం అన్నీ వినబడుతున్నాయి. బేస్ అన్నిటి కింద ఎక్కడో నేలలా ఉంది. ఆయన కళ్లు మూసుకుని, ఎడమ చేతి వేళ్లు గాలిలో, లేని గిటారు మెట్ల మీద కదుపుతున్నారు. ఒక్క చోట తప్పలేదు.

పక్కన సరోజమ్మ గారు ఆ వేళ్లనే చూస్తున్నారు. కొంతసేపటికి ఏదో అన్నారు. ఆవిడ గొంతు గాలి కదిలినట్టుంది. నేను దగ్గరగా ఉన్నాను కాబట్టి వినబడింది.

"ఇది పోగొట్టుకోవద్దని సెప్పమ్మా. నేనెన్నాళ్లుంటాను. నా మాటలు ఇని ఆయనకేటొస్తది."

ఆవిడ పెదవులు కదలడం ఆయన చూశారు. పాట సాగుతుండగానే నా వైపు తిరిగి, "ఏటంటంది?" అన్నారు.

వినలేని మనిషి అడిగినప్పుడు, గదిలో ఎవరేమన్నా ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. అది మా వృత్తిలో మొదట నేర్పే మర్యాద. 'ఏం లేదు' అనకూడదు. నేను పాట ఆపి, ఆయనకు ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా విడదీసి, ఆవిడ అన్నది అన్నట్టు చెప్పాను. సరోజమ్మ గారు తల దించుకున్నారు.

ఆయన ఆవిడ వంక చూశారు. తరవాత మెల్లగా అన్నారు. "నా పెళ్లాం నా పక్కన కూకుని, నా కోసం సెప్పిన మాట. నువ్వు తిరిగి సెప్తే గాని నాకు తెలీనేదు. రాయమ్మా. ఆపరేషనుకి రాయి."

ఆ వారం సమావేశంలో నేను సిఫారసు చేశాను. ఆయన సంగీతం గురించి కూడా చెప్పాను. సర్జను మెత్తని తీగ వాడతాననీ, మెల్లగా దూరుస్తాననీ అన్నారు. ఆపరేషనుకు వరస వచ్చేదాకా రామునాయుడు గారు రోజూ మధ్యాహ్నం స్పీకరు పక్కన కుర్చీ వేసుకుని ఆ రికార్డు వినేవారని మాలిని చెప్పింది. సరోజమ్మ గారు కూడా పక్కన కూర్చునేవారట.

ఆపరేషను చక్కగా జరిగింది. గాయం మానాక, మిషను మొదలుపెట్టే రోజు ఇస్తాం. దాన్ని స్విచ్-ఆన్ అంటారు. దానికి ముందు, మిగిలిన సహజ వినికిడి ఉందో లేదో చూడాలి. హెడ్‌ఫోను పెట్టి లోతైన ధ్వనులు పంపాను. ఆయన చేతిలో ఒక బొత్తాం ఉంటుంది, వినబడినప్పుడు నొక్కాలి. శబ్దం పెంచుకుంటూ పోయాను. ఆయన బొత్తాం మీద వేలు పెట్టి, నన్నే చూస్తూ కూర్చున్నారు. పరికరం ఇవ్వగల ఆఖరి స్థాయిదాకా వెళ్లాను. వేలు కదలలేదు.

హెడ్‌ఫోను తీసి, తెల్లబోర్డు మీద రాసి చూపించాను.

"సుదా," అన్నారు. అయిపోయింది అనడానికి మలయ్ మాట అది.

తరవాత ఇంప్లాంటు ఆన్ చేశాను. ఒక్కొక్క ఎలక్ట్రోడ్‌కు ఎంత విద్యుత్తు సరిపోతుందో రోగిని అడుగుతూ సరిచేస్తాం. దానికి మ్యాపింగ్ అని పేరు. మొదట్లో ఎవరికీ అది మాటలా ఉండదు. ఆయనకు రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుందట. మెదడు ఆ చప్పుళ్లలోంచి మాటను ఏరుకోవడానికి నెలలు పడుతుంది. రోజూ ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఆ పనికి సరోజమ్మ గారిని పెట్టాను. ఆవిడ గొంతు పెరగడానికి స్పీచ్ థెరపిస్టు దగ్గరికీ పంపాను. ఏం మాట్లాడాలమ్మా అని అడిగారావిడ. ఏదైనా సరే అన్నాను. ఆవిడ మలయాలో, పెరాక్ ఎస్టేటులో తన చిన్నతనం దగ్గర మొదలుపెట్టారట.

మూడో నెల ముగిసేసరికి ఆయన సరోజమ్మ గారితో కలిసి నా గదిలోకి నవ్వుతూ వచ్చారు.

"నిన్న ఇది నా ఎనక నుంచి పిలిసింది. తిరిగి సూసినాను."

ఇద్దరి మధ్యా అలా జరిగి ఎన్నేళ్లయిందో నేను అడగలేదు. సరోజమ్మ గారు మాత్రం, "కొళాయి కట్టెయ్యమని పిలిసినాను. అది కట్టకుండా నవ్వుతా నిలబడిపోనారు," అన్నారు. ఆవిడ ముఖం కదలలేదు కాని, కళ్లు కదిలాయి.

మాటల పరీక్షలో ఆయన మార్కులు ఎంతో పెరిగాయి. మా విభాగం లెక్కన అది మంచి ఫలితం.

సంగీతం సంగతి వేరు. సహజమైన చెవిలో స్వరాలను విడదీసే సన్నని కణాలు వేలల్లో ఉంటాయి. వాటి పని ఇరవై పైచిలుకు ఎలక్ట్రోడ్లు చేయాలి. మాటకు అవి చాలుతాయి. రాగానికి చాలవు. సంగీతం కోసం వేరే ప్రోగ్రాము రాసి చూశాను. కింది ఎలక్ట్రోడ్ల బలం పెంచి చూశాను. ప్రతిసారీ ఆయన ఆ రికార్డులోని మొదటి పాట విని, తల అడ్డంగా ఊపేవారు. చివరికి ఒకరోజు, "తాళం ఉందమ్మా. పాట నేదు. ఇంక వదిలెయ్యి," అన్నారు. అంతకంటే కచ్చితంగా ఆ లోపాన్ని చెప్పిన మాట నేను వినలేదు.

మరుసటి ఏడాది మొదట్లో, ఇంకా మాస్కులు రాకముందు, బ్రాస్ బసా దగ్గర ఒక రికార్డుల దుకాణం వాళ్లు ది జెట్టీ ఫోర్ కోసం ఒక చిన్న సభ పెట్టారు. మాలిని నన్నూ పిలిచింది. ముప్ఫై మంది దాకా వచ్చారు, ఎక్కువగా చిన్నవాళ్లే. రామునాయుడు గారిని మధ్యలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. షెడ్డు ఎవరిది, గిటారు ఏ కంపెనీది, ఆ రెండో పాటలో బేస్ అలా మెట్లు దిగడం ఎవరి ఆలోచన. అన్నీ విన్నారు, అన్నిటికీ జవాబు చెప్పారు. ఆ బేస్ ఆలోచన తనదే అన్నారు. వాళ్లు చప్పట్లు కొట్టారు. నా వృత్తి పరంగా చూస్తే గర్వపడవలసిన సందర్భం అది. రద్దీ గదిలో, కొత్త గొంతుల మధ్య, ఒక్క మాటా పోకుండా సంభాషణ చేస్తున్నారు నా రోగి.

తరవాత దుకాణం కుర్రవాడు రికార్డు పెట్టాడు. సూది ఆనిన చప్పుడు వినబడగానే రామునాయుడు గారు చెవి వెనక నుంచి ప్రాసెసర్, అంటే ఇంప్లాంటుకు శబ్దం అందించే బయటి మిషను, తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. అది తీస్తే ఆయనకు లోకంలో ఏ చప్పుడూ లేదు. తన పాట నడిచినంతసేపూ, అందరితోపాటు తలాడిస్తూ, ఏమీ వినకుండా కూర్చున్నారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. సరోజమ్మ గారికి తెలుసు. వణుకుతున్న చెయ్యి ఆయన మోకాలి మీద వేశారు. పాట అయిపోయినప్పుడు ఆ చేత్తోనే తట్టి, పెట్టుకోమని సైగ చేశారు.

తరవాత కొవిడ్ వచ్చింది. ఊరంతా మాస్కులు వేసుకుంది. పెదవులు చూసి బతికే మా రోగులు ఎంతోమంది ఆ రోజుల్లో ఇంట్లోనే ఉండిపోయారు. రామునాయుడు గారికి ఆ ఇబ్బంది రాలేదు. కాని సరోజమ్మ గారికి మింగడం కష్టమైంది. ఆ జబ్బు ముదిరితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. న్యుమోనియాతో చేర్చారు. ఒక్కరినే లోపలికి రానిచ్చే నిబంధన ఉన్న కాలం. మాలిని బయట ఉండి తండ్రిని పంపింది. పది రోజులకు సరోజమ్మ గారు పోయారు.

ఆ సంగతి నాకు మాలిని ఫోనులో చెప్పింది. "చివరి దాకా మాట్లాడుకున్నారు ఆంటీ. నర్స్ చెప్పింది. ఏం మాట్లాడుకున్నారో అప్పా చెప్పరు."

నేను ఉద్యోగం విరమించే ఏడాది రామునాయుడు గారు వార్షిక పరీక్షకు వచ్చారు. ఒక్కరే వచ్చారు. రోజుకు ఎంతసేపు వాడారన్నది ప్రాసెసరే గుర్తు పెట్టుకుంటుంది. మా కంప్యూటరుకు కలిపితే కనబడుతుంది. అంతకుముందు నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా వాడిన మనిషి ఇప్పుడు దాదాపు వాడటం లేదు. ఎందుకని అడిగాను.

"మాలిని వచ్చినప్పుడు పెట్టుకుంటన్నాను. మిగతా రోజులు ఇంట్లో మాట్లాడేవోళ్లు నేరు గదా." మళ్లీ ఆయనే, "ఆ కింది సప్పుడు, నాకు ముందు ఇనపడేది, అది మళ్లీ వచ్చే దారి ఏటైనా ఉందేటి?" అన్నారు. జవాబు ఆయనకు తెలుసు. అయినా చెప్పవలసిన బాధ్యత నాది. లేదని చెప్పాను. తల ఊపారు.

వార్షిక పరీక్ష చివర ప్రతి రోగినీ అడిగే ప్రశ్న ఒకటి మా విభాగంలో ఉండేది. మళ్లీ ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటారా అని. చాలామంది సంతోషంగా అవునంటారు. ఆ జవాబులు కొత్త రోగులకు ధైర్యం చెప్పడానికి పనికొస్తాయి. ఆ రోజూ అలవాటుగా అడిగాను.

ఆయన గొంతులో కోపం లేదు.

"దాని మాట ఇన్నాను. ఆఖరి దాకా ఇన్నాను. ఆ రికార్డు ఇంక ఇన్నేను. రెండూ జరిగిపోనాయి. ఇప్పుడు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని నా నోటితో సెప్పించుకుని నువ్వేటి సేస్తావమ్మా? ఆ మాట ఎవుర్నీ అడక్కు."

ఆయనకు కొత్త బ్యాటరీలు ఇచ్చి, లిఫ్టు దాకా వెళ్లి పంపించి వచ్చాను.

నాకు మిగిలిన కొద్ది నెలల్లో నేను ఆ ప్రశ్న మళ్లీ ఎవరినీ అడగలేదు. నా తరవాత ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయికీ అదే చెప్పాను. ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నది ఆపరేషనుకు ముందు అడగాలి, ఎంతసేపైనా కూర్చుని అడగాలి, మిగిలి ఉన్న కాస్త వినికిడిలో ఆ మనిషి ఏం వింటున్నాడో తెలుసుకునేదాకా అడగాలి. ఒకసారి ఎంచుకున్నాక, దాన్ని మళ్లీ తూకం వేయమనే హక్కు మాకు లేదు.